బురద నేలల్లో బాక్టీరియా పని కుళ్ళబెట్టడమేనా?

ఆటుపోట్లు తగిలే బురద నేలల్లో బాక్టీరియా చేసేది చచ్చినవాటిని కుళ్ళబెట్టడమే కదా, అవి లేకపోతే అక్కడి ఆహార గొలుసుకు వచ్చే నష్టం ఏమిటి అని అడిగారు. ఆ 'కుళ్ళబెట్టడమే కదా' అన్న మాట దగ్గరే నాకు పేచీ. అక్కడ బతికే ఎన్నో ప్రాణులకు తిండే అవి.

చదువుకునే రోజుల్లో ప్రాజెక్టు కోసం బురద నత్తల్ని పెంచాను. గోధుమగింజంత ఉంటాయి. నీళ్ళు తీసినప్పుడు మోకాళ్ళ దాకా దిగబడుతూ వెళ్ళి, గిన్నెడు బురదతో సహా ఏరుకొచ్చి ట్రేలో వేశాను. మర్నాటికి ట్రే అడుగంతా వాటి పెంటికలే. మేక పెంటికల్ని ఇసుక రేణువంత చేస్తే ఎలా ఉంటాయో అలా, నున్నగా, గట్టిగా. వాటిని పిపెట్‌తో ఏరి, కడిగి, తాజాగా ఉండగానే నత్తల ముందు వేశాను. పక్కనుంచి పాక్కుంటూ వెళ్ళిపోయాయి తప్ప ముట్టలేదు. మిగిలిన పెంటికల్ని సముద్రపు నీళ్ళలో, చీకట్లో కొన్ని రోజులు ఉంచాను. నునుపు పోయింది, అంచులు విడిపోయి మెత్తబడ్డాయి. అవి వేసి పొద్దున్నే వచ్చి చూస్తే నత్తలన్నీ వాటి మీదే ముసురుకుని ఉన్నాయి. లెన్స్ పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో గుర్తు లేదు. క్లాసుకు మాత్రం వెళ్ళలేదు.

ఈ మధ్యలో మారిందేమిటి? వాటి మీద బాక్టీరియా పెరిగాయి. న్యూవెల్ అనే శాస్త్రవేత్త 1965లోనే ఈ లెక్క తేల్చాడు. తాజా పెంటికల్లో నత్రజని, అంటే మాంసకృత్తుల ముడిసరుకు, బాగా తక్కువ. నీళ్ళలో ఉంచితే పెరుగుతుంది. నత్త మళ్ళీ తిని వదిలితే మళ్ళీ పడిపోతుంది. అంటే నత్త ఒంటికి పట్టేది కుళ్ళిన ఆకు పీచు కాదు, దాని మీద పెరిగిన బాక్టీరియా. నత్త ఖాళీ చేసిన పళ్ళేన్ని అవి మళ్ళీ నింపి పెడుతున్నాయన్నమాట.

ఇంత చూశాక పరీక్షలో ఆహార గొలుసు బొమ్మ వేసి, బాక్టీరియా నుంచి నత్తకు బాణం గీస్తే మార్కులు కోశారు. పుస్తకంలో బాక్టీరియా ఎప్పుడూ ఒక మూల ఉంటాయి, అన్నిటి నుంచీ బాణాలు వాటి వైపే వస్తాయి, వాటి నుంచి ఏ నోటికీ బాణం పోదు. ఆ బొమ్మ చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బాక్టీరియా అనగానే సబ్బు ప్రకటన గుర్తొచ్చేలా పిల్లల్ని తయారుచేసింది ఇలాంటి బొమ్మలేనని నా నమ్మకం.

ఆ బురదలోకి ఒక గాజు గొట్టం దించి పైకి లాగి చూడండి. పైన మీగడలాంటి బంగారు గోధుమ రంగు పొర. డయాటమ్‌లు (కంటికి ఆనని ఒంటికణపు నాచు), బాక్టీరియా, వాటి జిగురు కలిసి కట్టింది. కింద కొన్ని మిల్లీమీటర్లు లేత గోధుమ రంగు, ఆక్సిజన్ అందేది అంతవరకే. దాని కింద అంతా కాటుక నలుపు, కుళ్ళిన గుడ్డు వాసన. ఆ నల్లటి భాగంలో ఆక్సిజన్ బదులు సముద్రపు నీళ్ళలోని సల్ఫేట్‌తో శ్వాసించే బాక్టీరియా ఉంటాయి. తీరపు బురదలో సేంద్రియ పదార్థం విడిపోవడంలో దాదాపు సగం వాటి పనే. వాటి నుంచి వచ్చే సల్ఫైడ్ (ఆ కుళ్ళిన గుడ్డు వాసన దీనిదే) కూడా వృథా కాదు. పైపొర దగ్గర వేరే బాక్టీరియా దాన్ని మండించుకుని ఒళ్ళు పెంచుకుంటాయి. వాటిని కంటికి ఆనని సన్న పురుగులు తింటాయి, వాటిని ఇంకొకటి.

ఆ పైపొర మీగడను పిట్టలు కూడా నేరుగా తింటాయి. వెస్టర్న్ శాండ్‌పైపర్ అనే ఉల్లంకి పిట్ట తన రోజువారీ శక్తిలో దాదాపు సగం ఈ పొర నుంచే తీసుకుంటుందని కెనడా తీరంలో చేసిన పరిశోధనలో 2008లో తేలింది. దాని నాలుక చివర ఈ పనికి తగ్గట్టు కుచ్చులాంటి ముళ్ళుంటాయి. అలాంటి నేలను పనికిరాని బురద అని మట్టి పోసి పూడ్చేస్తుంటే నాకు నిద్ర పట్టదు. గ్రాము బురదలో వంద కోట్ల దాకా బాక్టీరియా ఉంటాయి, ఒక్క లారీ మట్టి కింద ఎన్ని పోతాయో ఎవరూ లెక్క కట్టరు.

ఇక బాక్టీరియా లేకపోతే ఏమవుతుందన్న మీ ప్రశ్న. తిండి కుప్పలుగా పడి ఉంటుంది. నా ట్రేలో తాజా పెంటికల పక్కనుంచి వెళ్ళిపోయినట్టే, నత్తలు దాని పక్కనుంచి పాక్కుంటూ వెళ్ళిపోతాయి.