ఆ సర్టిఫికెట్ విమానంలో పనికిరాదండి

మీ ఉత్తరం చదివాను. మీరు కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఒంటరిగా ఉంటూ, పానిక్ అటాక్స్ వస్తున్నాయని కుక్కను పెంచుకున్నారు. ఏదో వెబ్‌సైట్‌లో డబ్బు కట్టి తీసుకున్న సపోర్ట్ డాగ్ సర్టిఫికెట్ చూపిస్తే విమానం వాళ్లు ఒప్పుకోలేదన్నారు. చదివి బాధేసింది. తప్పు మీది కాదు, అమ్మినవాళ్లది. అమెరికాలో ఇలాంటి కుక్కలకు ప్రభుత్వ రిజిస్ట్రీ అంటూ ఏదీ లేదు. దయచేసి ఇంకెవరికీ డబ్బు కట్టకండి.

2021 జనవరి నుంచి ఎమోషనల్ సపోర్ట్ జంతువులను, అంటే మనసుకు ధైర్యం కోసం తోడు ఉంచుకునేవాటిని, విమాన సంస్థలు మామూలు పెంపుడు జంతువుల్లాగే చూడొచ్చు. మీది చిన్న కుక్కయితే, ఫీజు కట్టి సీటు కింద పట్టే క్యారియర్‌లో తీసుకెళ్లే వీలు చాలా సంస్థల్లో ఉంది.

విమానంలోకి రానివ్వాల్సిన సర్వీస్ డాగ్ వేరు, అది వైకల్యం ఉన్నవారికి సాయంగా పని నేర్చిన కుక్క. పక్కనుంటే మనకు ధైర్యంగా ఉండటం ఒక్కటే చాలదు. పానిక్ మొదలవగానే కాలితో తట్టడం, ఒళ్లో బరువుగా పడుకోవడం, మందుల వేళ గుర్తుచేయడం లాంటి పని ఏదైనా నేర్పాలి. మీరే నేర్పుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. కాకపోతే నెలలు పడుతుంది. తర్వాత ప్రయాణానికి ముందు అమెరికా రవాణా శాఖ ఫారం నింపి విమాన సంస్థకు ఇవ్వాలి.

అపార్ట్‌మెంట్‌లో కుక్కను ఉండనిస్తారో లేదో అన్న టెన్షన్ కూడా ఉందన్నారు కదా, అక్కడ కుక్క మీకు అవసరమని మీ థెరపిస్ట్ ఇచ్చే లెటర్ పనికొస్తుంది. కాలిఫోర్నియాలో 2022 నుంచి, లెటర్ ఇచ్చేవారు కనీసం 30 రోజులుగా మిమ్మల్ని చూస్తూ ఉండాలి. పది నిమిషాల్లో ఇస్తామనేవాళ్లను నమ్మకండి.

ఈ ట్రిప్‌కి మాత్రం, కుక్క పెద్దదైతే, నమ్మకమైన స్నేహితుల దగ్గర వదలండి. విమానంలో పానిక్ వస్తే ఏం చేయాలో ఈ వారమే డాక్టర్‌ని అడగండి.