అడగండి చెబుతా: బీకరులో రంగు ఎవరు మార్చారు?

ఈసారి వచ్చిన మూడు ఉత్తరాలూ మా ఒడిశా వైపువే. పైకి వేరువేరుగా కనిపించినా ముగ్గురూ అడిగింది దాదాపు ఒకటే: లోహం చుట్టూ అతుక్కుని ఉండే అణువులు, అయానులు (వీటినే లిగాండ్లు అంటారు) ఒకటి పోయి మరొకటి ఎలా వస్తుందని. లోహమూ, లిగాండ్లూ కలిసినదే కాంప్లెక్సు. అందుకని కలిపి వేస్తున్నా.

ప్రశ్న: మాస్టారూ, డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నా. ల్యాబ్‌లో క్రోమియం క్లోరైడు కరిగిస్తే ఆకుపచ్చ రంగొచ్చింది. శనివారం మూతపెట్టి వెళ్లి సోమవారం చూస్తే నీలం వైపు తిరిగిపోయింది. ఏదో కలిపేశావని చివాట్లు పడ్డాయి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లలో అమ్మోనియా పోస్తే మాత్రం కళ్లముందే ముదురు నీలం అయిపోయింది. క్రోమియం కాంప్లెక్సులు కదలవని కదా చదివాం?
– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: నువ్వేం కలపలేదు తల్లీ, బీకరులో ఉన్న నీళ్లే ఆ పని చేశాయి. ఆ ఆకుపచ్చ అయానులో క్రోమియం చుట్టూ రెండు క్లోరైడులు, నాలుగు నీటి అణువులు ఉంటాయి. క్లోరైడు ఒక్కొక్కటే దిగిపోతూ ఉంటే ఆ చోట్లోకి నీళ్లొచ్చి కూర్చుంటాయి. ఒకటి పోతే నీలం కలిసిన ఆకుపచ్చ, రెండూ పోతే ఊదా. ఇంకొన్నాళ్లు ఆగి చూడాల్సింది, ఊదా కూడా కనిపించేది.

కదలకపోవడం అంటే అసలు మారకపోవడం అనుకుంటున్నావు, తికమకంతా అక్కడే ఉంది. రసాయన శాస్త్రవేత్త హెన్రీ టౌబే 1952లో పెట్టిన లెక్క ప్రకారం మామూలు గది వేడిలో నిమిషం లోపు లిగాండ్లు మారిపోతే లేబైల్, అంతకంటే నెమ్మదైతే ఇనర్ట్. (ఈయనకే 1983లో నోబెల్ వచ్చింది.) ఆరు నీటి అణువుల క్రోమియం అయానులో ఒక నీటి అణువు మారడానికి అర్ధాయువు (సగం మారడానికి పట్టే కాలం) దాదాపు 80 గంటలు. అదే రాగి చుట్టూ ఉన్న నీళ్లు సెకనులో వందకోట్లో వంతు సేపు కూడా కుదురుగా కూర్చోవు. మూడు డి ఎలక్ట్రాన్లూ (బంధాల్లో పాత్ర ఉండే బయటి ఎలక్ట్రాన్లు) తక్కువ శక్తి ఉన్న కింది మూడు ఆర్బిటాళ్లలో, అంటే ఎలక్ట్రాన్లు ఉండే చోట్లలో, సర్దుకుని ఉన్న క్రోమియం ఒక లిగాండును వదిలినా, ఏడోదాన్ని చేర్చుకున్నా ఆ సౌఖ్యం పోతుంది, అందుకే అంత బద్ధకం. రాగికి అలాంటి డి ఎలక్ట్రాన్లు తొమ్మిది. ఎదురెదురుగా ఉండే రెండు బంధాలు సాగిపోయి వదులుగానే ఉంటాయి.

ఇంకొకటి, ఇది పరీక్షలో తప్పకుండా అడుగుతారు. నాలుగు సయనైడులు పట్టుకున్న నికెల్ చాలా స్థిరమైన కాంప్లెక్సు, విడదీయడం మహా కష్టం. అయినా రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తుపెట్టిన సయనైడు వేసి చూస్తే అర నిమిషంలో సగం మారిపోయాయి! అంటే ఎంత మంది దిగితే అంతమందీ ఎక్కేస్తున్నారు, బోగీ మాత్రం నిండుగానే ఉంది. దీనికి తిరగేసిన కేసు ఆరు అమ్మోనియాల కోబాల్టు. ఆమ్లంలో వేస్తే లెక్క ప్రకారం విడిపోవాల్సిందే, కానీ రోజుల తరబడి అలాగే ఉంటుంది. స్థిరత్వం ఎటు పోతుందో చెబుతుంది, ఎప్పుడు పోతుందో చెప్పదు.

ప్రశ్న: లిగాండ్లు మారే దారి అసోసియేటివా, డిసోసియేటివా అన్నది ఎలా పట్టుకోవాలి? రేటు సమీకరణం (చర్య వేగం దేని గాఢత మీద ఆధారపడుతుందో చెప్పే సూత్రం) చూస్తే చాలదా?
– గుణుపూరు నుంచి ఒకరు

జవాబు: మీ గుణుపూరు పాసింజరులో రోజూ చూసేదే. పాతపట్నంలో ఒకరు లేచాకే మరొకరు కూర్చుంటే డిసోసియేటివ్. ముగ్గురి సీట్లో నాలుగోవారు ఇరుక్కుని కూర్చుని, తర్వాత ఒకరు లేస్తే అసోసియేటివ్. నిజంగా ఎక్కువ జరిగేది మాత్రం మధ్యరకం: దిగేవాడి పక్కనే నిలబడి వాడు లేస్తుండగానే జారి కూర్చోవడం. దాన్ని ఇంటర్‌చేంజ్ అంటారు, లాంగ్‌ఫర్డ్, గ్రే అనే రసాయన శాస్త్రవేత్తలు 1965లో పెట్టిన పేర్లివి.

రేటు సమీకరణాన్ని నమ్ముకుంటే మోసపోతారు. వచ్చే లిగాండు ముందే కాంప్లెక్సు పక్కన జంటగా చేరి నిలబడితే, దాని గాఢత మీద రేటు ఆధారపడినట్టే కనిపిస్తుంది, అసలు మెట్టులో దానికి పెద్ద పాత్ర లేకపోయినా. అందుకని పీడనం పెంచి చూస్తారు. మధ్య దశలో అణువు ఉబ్బితే పీడనానికి రేటు తగ్గుతుంది, కుంగితే పెరుగుతుంది. నీటి మార్పిడిలో నికెల్‌కు ఆ ఘనపరిమాణం మార్పు మోలుకు +7.2 ఘన సెంటీమీటర్లు, అంటే వదిలే వైపు, క్రోమియానికి -9.6, చేర్చుకునే వైపు. ప్లాటినం లాంటి చదరపు కాంప్లెక్సులకు (నాలుగు లిగాండ్లూ ఒకే తలంలో నాలుగు మూలల్లో ఉండేవి) పైనా కిందా ఖాళీయే కాబట్టి అవి ఎక్కువగా అసోసియేటివ్ దారే పడతాయి.

ప్రశ్న: చలికి గది తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకుని మా బాబాయి స్పృహ తప్పారు. ఆసుపత్రిలో ఆక్సిజన్ మాస్కు పెట్టారు, వేరే మందేమీ లేదన్నారు. ఆక్సిజనే మందా?
– రాయగడ నుంచి

జవాబు: అవునండీ, ఇదీ లిగాండ్ మార్పిడే. రక్తంలోని ఇనుము మీద, ఆ బొగ్గులు వదిలిన కార్బన్ మోనాక్సైడు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కానీ పట్టుకున్నదే అయినా అప్పుడప్పుడూ వదులుతూనే ఉంటుంది, ఆ క్షణంలో పక్కన ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే ఆ చోటు దానికి దక్కే అవకాశం అంత ఎక్కువ. మామూలు గాలిలో సగం పోవడానికి నాలుగైదు గంటలు పడితే, స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో గంటా ఇరవై నిమిషాల దాకా పడుతుంది.