తోకచుక్క రాయి నేల మీద పడుతుందా?

ఉల్కాశిలలు, అంటే ఆకాశం నుంచి నేల మీద పడే రాళ్లు, తోకచుక్కల నుంచి కూడా రావచ్చా, లేక అన్నీ గ్రహశకలాలవేనా అని అడిగారు. రావచ్చు. కనీసం ఒకటి వచ్చిందని నా నమ్మకం. అయితే ఉల్కాపాతం రాత్రుల్లో మాత్రం కాదు.

ఒక డిసెంబరులో, ఏటా ఆ నెలలో రాలే జెమినిడ్ ఉల్కలు చూపిద్దామని మా బడి పిల్లలను చంద్రగిరి అవతలి పొలాల్లోకి తీసుకువెళ్లాను. తిరుపతిలో అది కుదరదు. వీధి దీపాలకు పైన మూత వేయించాలన్న ఆలోచన ఎవరికీ లేదు, వెలుతురంతా ఆకాశానికే పోతుంది. అర్ధరాత్రి దాటాక శేషాచలం కొండల మీదుగా ఒక పెద్ద ఉల్క సాగి, రెండుగా చీలి ఆరిపోయింది. పిల్లలు ఒక్కసారిగా కేకలు వేశారు. తెల్లవారాక ఊరి పెద్దాయన ఒకరు నల్లరాయి తెచ్చి, "రాత్రి పడింది ఇదే సార్" అన్నారు. నిండా బుడగల గుంతలు. అది ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం. ఉల్కాశిల అలా ఉండదు, పైన పలుచని నల్లటి పొర, లోపల రాయి ఉంటాయి. "మరి రాత్రి చూసింది ఏమైంది సార్?" అని ఒక పాప అడిగింది.

గాలిలోనే కాలిపోయింది. జెమినిడ్లు సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో వస్తాయి, నవంబరులో రాలే లియోనిడ్లు 71 కిలోమీటర్లతో. తోకచుక్కలు వదిలే పెళుసు ధూళి ఆ వేగానికి నిలవదు. అయితే జెమినిడ్లకు మూలమైన ఫేథాన్‌ను తోకచుక్కగా కాక గ్రహశకలంగానే లెక్కిస్తారు. తోకచుక్కలకూ గ్రహశకలాలకూ మధ్య గట్టి గీత గీసే పాఠ్యపుస్తకాలంటే నాకు చిరాకు. వైల్డ్-2 తోకచుక్క ధూళిని స్టార్‌డస్ట్ నౌక 2006లో తెచ్చినప్పుడు, సూర్యుడి దగ్గరి వేడిలో పుట్టిన ఖనిజాలు అందులో కనిపించాయి కదా!

తోకచుక్క నుంచి వచ్చిందని నేను నమ్మే ఆ ఒక్కటి ఓర్గేయ్ అనే ఉల్కాశిల. 1864 మే 14న ఫ్రాన్స్‌లో పడింది. నీళ్లలో వేస్తే విడిపోయేంత మెత్తన, బంకమట్టి ఖనిజాలతో నిండినది. ఆనాడు చూసినవారి వాంగ్మూలాలతో 2006లో కక్ష్య లెక్కగడితే, సూర్యుడి నుంచి దాని దూరపు కొస గురుగ్రహం దాకానో అంతకు మించో పోయింది. గురుగ్రహ కుటుంబపు తోకచుక్కలు, అంటే ఆ గ్రహం ఆకర్షణకు లోబడి తిరిగేవి, నడిచే దారి అలాంటిదే. 2020లో జపాన్ నౌక ర్యుగు గ్రహశకలం నుంచి తెచ్చిన మట్టి ఈ రాతిని పోలి ఉంది కాబట్టి, ఇది తోకచుక్క రాయి అన్న వాదన వీగిపోయిందంటారు కొందరు. నేను ఒప్పుకోను. ర్యుగు కూడా ఒకప్పటి తోకచుక్కే కావచ్చన్న ప్రతిపాదన శాస్త్రవేత్తలలోనే ఉంది.