సముద్రాలు దాటే మోటారు యాట్‌కు రూపకల్పన: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 30 మీటర్ల పొడవుతో కొత్త మోటారు యాట్ కట్టించుకోవాలని మా కుటుంబం నిర్ణయించుకుంది. మధ్యలో ఎక్కడా ఇంధనం నింపుకోకుండా 3,500 నాటికల్ మైళ్లు వెళ్లగలగాలి, అవసరమైతే 20 నాట్ల వేగం, అంటే గంటకు 20 నాటికల్ మైళ్లు, అందుకోవాలి, పది మంది అతిథులకు విశాలమైన గదులుండాలి అన్నవి మా కోరికలు. ఇవన్నీ ఒకే నౌకలో కుదురుతాయా?

జవాబు: మూడూ ఒకే నౌకలో కుదరవు. 20 నాట్ల కోరికను ఇప్పుడే వదులుకోండి, గదులు కొన్ని తగ్గించుకోండి, 3,500 మైళ్ల కోరికను మాత్రం గట్టిగా పట్టుకోండి. ఈ మూడింటిలో నౌక ఆకారాన్ని నిర్ణయించవలసినది అదే.

నీటిని తోసుకుంటూ సాగే ఏ నౌకైనా తన ముక్కు దగ్గర ఒక అలను లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు కూడా పెరుగుతుంది. నీటిగీత వెంబడి మీ నౌక పొడవు 28 మీటర్లు అనుకుంటే, దాదాపు 12.9 నాట్ల వద్ద అల పొడవు నౌక పొడవుతో సమానమవుతుంది. నీటిగీత పొడవును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 2.43తో గుణిస్తే ఈ అంకె వస్తుంది. ఆ వేగం దాటాక నౌక తాను లేపిన అల వాలునే తాను ఎక్కవలసి వస్తుంది కనుక, ఇంజన్ శక్తిని ఎంత పెంచినా వేగం పెరిగేది స్వల్పమే. 1870లలో విలియం ఫ్రూడ్ అనే ఇంజనీరు ఇంగ్లండ్‌లోని టోర్కీలో నీటి తొట్టి కట్టించి, చిన్న నమూనాలను లాగి చూసి ఈ నిరోధం లెక్కలను తేల్చాడు. నేటికీ డిజైనర్లు పొడవుకూ వేగానికీ ఉన్న సంబంధాన్ని ఆయన పేరు మీదున్న సంఖ్యతోనే కొలుస్తారు. 30 మీటర్ల నౌక 20 నాట్లతో పరుగెత్తాలంటే దాని దేహం, అంటే హల్, తేలికగా ఉండి నీటి మీదికి లేచిపోగలగాలి. సముద్రం దాటడానికి కావలసిన ఇంధనాన్ని ఎత్తిన హల్ అలా లేవలేదు.

ఇప్పుడు ఇంధనం లెక్క చూద్దాం. 12 నాట్ల వద్ద మీ ఇంజన్లు గంటకు 150 లీటర్లు తాగుతాయనుకోండి. 3,500 మైళ్లకు సుమారు 292 గంటలు పడుతుంది, 43,750 లీటర్లు ఖర్చవుతాయి. కావలసిన శక్తి సుమారుగా వేగం ఘనాన్ని బట్టి మారుతుంది కనుక, అదే నౌక 10 నాట్లతో వెళితే గంటకు 87 లీటర్లు సరిపోతాయి. అప్పుడు 350 గంటల ప్రయాణానికి సుమారు 30,400 లీటర్లు అవుతాయి. రెండున్నర రోజులు ఆలస్యంగా చేరడం వల్ల 13,000 లీటర్లకు పైగా మిగులుతాయన్నమాట. నిజానికి 12 నాట్లు ఈ నౌక హద్దుకు బాగా దగ్గర కాబట్టి అసలు తేడా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. దీనికి జనరేటర్ వాడకం గంటకు 10 లీటర్ల చొప్పున కలిపి, ఎదురుగాలికీ దారి మళ్లింపుకూ ఐదో వంతు నిల్వ ఉంచితే, 40,000 లీటర్లకు కాస్త పైన తేలుతుంది. అంటే బయలుదేరేటప్పుడు మీ నౌకలో 34 టన్నులకు పైగా డీజిల్ ఉంటుంది, చేరేటప్పటికి అందులో చాలా భాగం ఉండదు.

అంత బరువు దారిలో మాయమవుతున్నప్పుడు నౌక ముక్కు లేచిపోకూడదు, వెనుక భాగం కుంగిపోకూడదు, నిలకడ చెడకూడదు. అందుకే ట్యాంకులను నౌక నడిమి భాగంలో, అడుగున, వీలైనంత ఇరుకుగా విభజించి అమర్చాలి. వెడల్పాటి ట్యాంకు సగం నిండి ఉంటే, నౌక ఒరిగిన ప్రతిసారీ లోపలి డీజిల్ అంతా అదే పక్కకు పారి ఒరుగును మరింత పెంచుతుంది. డిజైనర్ మీకు చూపించే నిలకడ లెక్కలు నిండు ట్యాంకులతో వేసినవి మాత్రమే అయితే, పదో వంతు ఇంధనం మిగిలి ఉన్న స్థితికీ లెక్క వేసి ఇమ్మని తప్పక అడగండి.

గదుల విషయంలో నా సలహా ఒక్కటే: పొడవు పెంచండి, నింపకండి. నౌక ఖరీదు ప్రధానంగా లోపలి ఘనపరిమాణాన్ని, యంత్రాలను, చెక్కపనిని బట్టి పెరుగుతుంది. ముందూ వెనకా రెండేసి మీటర్లు ఖాళీగా సాగిన హల్‌కు అయ్యే ఉక్కు, వెల్డింగు ఖర్చు దానితో పోలిస్తే తక్కువ. ఆ ఖాళీ పొడవు మీకు వేగాన్ని, తక్కువ ఇంధన ఖర్చును, ఎదురు అలల్లో మెత్తని నడకను ఇస్తుంది. అదే పొడవులో మరో రెండు గదులు, పైన మరో అంతస్తు కోరితే వీటన్నిటినీ పోగొట్టుకుంటారు.

ప్రశ్న: మా ఇంట్లో ఇద్దరికి నౌక ఊగితే కడుపులో తిప్పుతుంది. ఫిన్ స్టెబిలైజర్లు మంచివా, గైరో మంచిదా? రెండూ పెట్టించాలా?

జవాబు: పరికరం సంగతి తరువాత చూద్దాం. నౌక ఎలా ఊగాలన్నది హల్ గీసే దశలోనే తేల్చుకోవాలి.

పక్కలకు ఊగే నౌకకు తనదంటూ ఒక సహజమైన లయ ఉంటుంది. నౌక గురుత్వ కేంద్రానికీ, మెటాసెంటర్ అనే బిందువుకూ (నౌక కొద్దిగా ఒరిగినప్పుడు నీరు దానిని పైకి నెట్టే గీత నౌక నడిమి గీతను కలిసే చోటు) మధ్య ఉన్న ఎత్తు దానిని నిర్ణయిస్తుంది. 7 మీటర్ల వెడల్పున్న నౌకకు ఈ ఎత్తు 1 మీటరు ఉంటే, ఒక పూర్తి ఊపుకు సుమారు 5.6 సెకన్లు పడుతుంది. అదే 0.7 మీటరు అయితే 6.7 సెకన్లు పడుతుంది. ఎత్తు ఎక్కువైతే నౌక గట్టిగా నిలబడుతుంది గానీ విదిలించినట్టు ఊగుతుంది. నిలబడిన మనిషిని పడగొట్టేది ఆ విదిలింపే. ఎత్తు మరీ తక్కువైతే ఊపు మెత్తగా ఉన్నా భద్రతా నియమాలు ఒప్పుకోవు. ఈ రెండింటి మధ్య సరైన చోటు వెతకడం మంచి డిజైనర్ పని, ఏ పరికరమూ ఆ పని చేయదు.

ఫిన్‌లు అంటే హల్ పక్కల నుంచి నీటిలోకి పొడుచుకొచ్చే రెక్కలు. నౌక కదులుతున్నప్పుడు, వాటి మీదుగా పారే నీటి వల్ల పని చేస్తాయి. 9, 10 నాట్లతో రోజుల తరబడి సాగే ప్రయాణానికి వాటిని మించినవి లేవు. లంగరు వేసినప్పుడు కూడా పని చేయాలంటే పెద్ద ఫిన్‌లు కావాలి, అవి రెక్కల్లా ఆడుతూ ఉండాలి. అందుకు విద్యుత్తు ఖర్చవుతుంది, కొద్దిపాటి శబ్దమూ పుడుతుంది. తేలియాడే తాడో దుంగో తగిలితే దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. గైరో నౌక లోపలే ఉంటుంది. చాలా వేగంగా తిరిగే బరువైన చక్రం ఒరుగుకు ఎదురు తిప్పుబలం పుట్టిస్తుంది, నౌక నిలిచి ఉన్నా పని చేస్తుంది. అయితే దాని బలానికి హద్దుంది. పొడవాటి సముద్రపు ఉబుకులో నౌక ఒక పక్కకు ఒరిగి కొన్ని సెకన్ల పాటు అలాగే ఉండిపోతే గైరో శక్తి చాలదు. సముద్రాలు దాటే నౌకకు ఫిన్‌లే ప్రధానం. లంగరు చోట్ల ఎక్కువ కాలం గడిపేవారు, బరువుకూ విద్యుత్తుకూ వెసులుబాటు ఉంటే, గైరోను అదనంగా పెట్టుకోవచ్చు. రెండూ పాడైన రోజున ఆదుకునేవి హల్ మలుపు వెంట అతికించిన బిల్జ్ కీల్‌లు, అంటే పొడవాటి సన్నని పలకలు. వీటి విలువను కూడా నిరూపించింది ఫ్రూడే. 1870లలో గ్రేహౌండ్ అనే యుద్ధనౌకకు వాటిని అమర్చి, అవి లేని పెర్సియస్ అనే నౌక పక్కన సముద్రంలో ఊగనిచ్చి, తేడాను అందరి కళ్లకూ కట్టించాడు.

మీ ఇంట్లోవారికి అసలు శత్రువు మాత్రం పక్కల ఊపు కాకపోవచ్చు. ఐదారు సెకన్లకొకసారి నిలువుగా లేచి దిగే కదలికే కడుపును అన్నిటికన్నా ఎక్కువగా తిప్పుతుంది. ముందూ వెనకా ఎగిరిపడే నౌకలో ముక్కు దగ్గర అది మరీ తీవ్రంగా ఉంటుంది, దానిని ఆపే పరికరమంటూ ఏదీ యాట్‌లలో ఫిన్‌లంత నమ్మకంగా పని చేయదు. పొడవు, బరువుల అమరిక, గదుల స్థానం, ఈ మూడే మందు. యజమాని పడకగదిని పై డెక్‌లో ముందు భాగాన, పెద్ద కిటికీలతో పెట్టడం ఇప్పటి వాడుక. రేవులో అది ఎంతో బాగుంటుంది, ఎదురు అలల్లో మాత్రం అందులో ఎవరికీ కునుకు పట్టదు. పడకగదులను కింది డెక్‌లో, నౌక నడుమకు కాస్త వెనకగా పెట్టించండి. ముక్కులో బరువు కూడా తగ్గించాలి. 16 మిల్లీమీటర్ల లంగరు గొలుసు మీటరుకు సుమారు ఐదున్నర కిలోలు తూగుతుంది. 200 మీటర్లు వేసుకుంటే టన్ను దాటుతుంది. ఆ గొలుసును ముక్కు కొనన కుప్పపోయకుండా, గొట్టం ద్వారా నాలుగైదు మీటర్లు వెనక్కి, అడుగుకు జారేలా చేస్తే నౌక నడకలో తేడా తెలుస్తుంది.

లోపల కూడా చూడవలసినవి ఉన్నాయి. ఏ గదిలోనైనా ఒక చేతిపట్టు వదిలితే మరొకటి చేయి చాచిన దూరంలో ఉండాలి. విశాలమైన సెలూన్‌లో, అంటే నౌకలోని పెద్ద హాలులో, ఇదే కరువవుతుంది. వంటగదిలో గట్టు అంచులు ఎత్తుగా, నిలువుగా ఉండాలి, వంట చేసేవారు నడుము ఆనించుకోవడానికి వెనక ఆధారం ఉండాలి. మూలలన్నీ గుండ్రంగా చెక్కించండి.

ప్రశ్న: ముక్కు కింద ఉబ్బెత్తు గుండు ఉంటే ఇంధనం ఆదా అవుతుందంటారు. మా 30 మీటర్ల నౌకకు పెట్టించమంటారా?

జవాబు: ఒద్దంటాను. ఒకే వేగంతో, ఒకే లోతు మునిగి సాగే పెద్ద సరుకు ఓడలకు అది బాగా ఉపయోగపడుతుంది. మీ నౌక వేగమూ మారుతుంది, ఇంధనం ఖర్చయ్యేకొద్దీ మునక కూడా మారుతుంది. పైగా ఈ పొడవులో ఎదురు అలలు తగిలినప్పుడు ఆ గుండు నీటి పైకి లేచి తిరిగి దభీమని పడుతుంది. నిటారుగా దిగే సన్నని ముక్కుతో నీటిగీతను పొడిగించుకోవడమే మేలు.

ప్రశ్న: రాత్రుళ్లు జనరేటర్ మోత లేకుండా నిద్రపోవాలని మా ఆశ. గోడలకు మందమైన దూది పొరలు వేయిస్తే చాలుతుందా?

జవాబు: చాలదు. గాలిలో వచ్చే మోతను ఆ పొరలు కొంత ఆపుతాయి గానీ, నౌకలో నిద్ర చెడగొట్టేది ఎక్కువగా లోహం వెంట పాకివచ్చే అదురు. దానిని పుట్టిన చోటే ఆపాలి. ఇంజన్లను, జనరేటర్లను మెత్తని రబ్బరు దిమ్మెల మీద కూర్చోబెట్టాలి, జనరేటర్లకు ఆ దిమ్మెలు రెండు అంచెల్లో ఉంటే ఇంకా మంచిది. పొగ గొట్టాలను, నీటి గొట్టాలను కూడా గట్టిగా బిగించకుండా వేలాడదీయాలి, ఎందుకంటే ఒక్క గొట్టం హల్‌కు గట్టిగా తగిలినా దిమ్మెల ఫలితమంతా పోతుంది. పడకగదుల నేలను కింది లోహానికి తగలకుండా తేలేలా వేయిస్తారు. ప్రొపెల్లర్ రెక్క కొనకూ హల్‌కూ మధ్య ప్రొపెల్లర్ వ్యాసంలో కనీసం 15 నుంచి 20 శాతం ఖాళీ ఉండాలి. అది తగ్గితే రెక్క తిరిగిన ప్రతిసారీ నీరు హల్‌ను కొడుతుంది, వెనక గదిలో ఉన్నవారు రోజంతా ఆ దెబ్బలు వింటారు. ఇంజన్ గదికీ పడకగదులకూ మధ్య సామాను గది, బట్టలుతికే గది, ట్యాంకులు వచ్చేలా నమూనా గీయించుకుంటే ఖర్చు లేకుండానే మంచి అడ్డు దొరుకుతుంది.

రాత్రికి మాత్రం బ్యాటరీలను నమ్ముకోవచ్చు. అప్పుడు ఎయిర్ కండిషనింగే పెద్ద భారమవుతుంది. పెద్ద పెద్ద అద్దాల గోడలు పగలంతా వేడిని లోపలికి తెస్తే ఆ భారం ఇంకా పెరుగుతుంది. అద్దం తగ్గించి, డెక్ చూరును బయటికి సాగదీసి నీడ కల్పిస్తే బ్యాటరీ ఎంతో సేపు వస్తుంది. ఒప్పందంలో ‘నిశ్శబ్దంగా ఉండాలి’ అని రాసుకుంటే ఏ ఉపయోగమూ లేదు. ప్రయాణ వేగంలో ప్రతి గదికీ ఎన్ని డెసిబెల్‌లు మించకూడదో అంకె రాయించి, అప్పగింతకు ముందు సముద్రంలో కొలిపించండి. పడకగదికి 50 అంటే సాధ్యమైన, న్యాయమైన అంకె.

ప్రశ్న: మాది సుమారు 48 మీటర్ల నౌక, అద్దెకు కూడా ఇద్దామనుకుంటున్నాం. గ్రాస్ టన్నేజీ 499 దాటకూడదని డిజైనర్ పట్టుబడుతున్నారు. బరువుకు అంత హద్దు ఎందుకు?

జవాబు: అది బరువు కాదు. 1969 నాటి అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం గ్రాస్ టన్నేజీ నౌక మూసి ఉన్న భాగాల మొత్తం ఘనపరిమాణాన్ని బట్టి లెక్కించే అంకె. సుమారు 1,880 ఘన మీటర్ల దగ్గర అది 500కు చేరుతుంది. వాణిజ్యపరంగా నడిచే యాట్ ఆ గీత దాటితే అగ్నిభద్రత, సిబ్బంది అర్హతలు, భద్రతా నిర్వహణ నియమాలు ఒక్కసారిగా కఠినమవుతాయి, ఖర్చూ పెరుగుతుంది. మీ డిజైనర్ చెప్పింది సబబే. అయితే ఆ 499 లోపల వీలైనన్ని గదులు కూర్చకుండా, అదే ఘనపరిమాణాన్ని పొడవు మీద సన్నగా పరచమని అడగండి. అతిథులు 12 మందిని మించితే అది ప్రయాణికుల నౌక కిందికి వస్తుంది, అది వేరే ప్రపంచం. ఉత్తర అమెరికా, బాల్టిక్, ఉత్తర సముద్ర ఉద్గార నియంత్రణ ప్రాంతాలకు వెళ్లే ఉద్దేశం ఉంటే, కొత్త ఇంజన్లకు టయర్ 3 అనే, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లకు హద్దు పెట్టే నియమాలు వర్తిస్తాయి. యూరియాతో పొగను శుద్ధి చేసే పెట్టెలకూ యూరియా ట్యాంకుకూ ఇంజన్ గదిలో మొదటే చోటు గీయించాలి.

లోహం గురించి కూడా ఒక మాట. హల్ ఉక్కుతో, పై అంతస్తులు అల్యూమినియంతో కట్టించండి. అల్యూమినియం సాంద్రత ఉక్కు సాంద్రతలో మూడో వంతే కాబట్టి పైన బరువు తగ్గి నిలకడ పెరుగుతుంది. రెండు లోహాలు నేరుగా తగిలితే ఉప్పునీటిలో తుప్పు తినేస్తుంది కనుక, పేలుడుతో అతికించిన రెండు లోహాల పట్టీని నడుమ పెట్టి వెల్డింగు చేస్తారు. ఆ అతుకు వెంట నీరు నిలవకుండా చూడటం కట్టేవారి పనితనానికి పరీక్ష.

ప్రశ్న: ఒక ఇంజనా, రెండా? డీజిల్ ఎలక్ట్రిక్ పద్ధతి గురించి కూడా చెప్పండి.

జవాబు: చిన్న నౌకకు నడిమధ్యలో, కీల్ (నౌక అడుగున వెన్నెముకలాంటి దూలం) చాటున తిరిగే ఒకే పెద్ద ప్రొపెల్లర్ పొదుపైనది, దెబ్బలు తగలనిది. అమెరికా నౌకాదళంలో పనిచేసిన రాబర్ట్ బీబే 1963లో నీటికి దింపిన పాసేజ్‌మేకర్ 50 అడుగుల నౌక. ఒక్క ఇంజన్‌తోనే సముద్రాలు దాటవచ్చని అది చూపించింది. 30 మీటర్లకు మాత్రం నేను రెండింటినే సూచిస్తాను, అయితే వాటి ఇంధనం గొట్టాలు, వడపోతలు, చల్లబరిచే నీరు, విద్యుత్తు పూర్తిగా వేరువేరుగా ఉంటేనే రెండు ఇంజన్లు ఉన్నట్టు లెక్క. ఒకే ట్యాంకులోని నీరు కలిసిన డీజిల్ రెండింటికీ వెళితే రెండూ ఒకేసారి ఆగుతాయి. నిల్వ ట్యాంకుల డీజిల్‌ను శుద్ధి చేసి రోజువారీ ట్యాంకుకు పంపే సెపరేటర్ అందుకే తప్పనిసరి.

డీజిల్ ఎలక్ట్రిక్‌లో ఇంజన్ విద్యుత్తు పుట్టిస్తుంది, ఆ విద్యుత్తుతో మోటారు ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. ఇలా శక్తిని రెండుసార్లు మార్చడం వల్ల పదో వంతు దాకా పోతుంది. రోజుల తరబడి ఒకే వేగంతో సాగేవారికి ఆ నష్టం తిరిగి రాదు, ప్రొపెల్లర్‌ను నేరుగా తిప్పే ఇంజనే మేలు. లంగరు చోట్ల, ఇరుకు రేవుల్లో ఎక్కువగా తిరిగేవారికి రెండు పద్ధతులూ కలిసిన హైబ్రిడ్ పనికొస్తుంది. ఇంజన్ ఎంపికలో గుర్రపుశక్తి అంకెను చూసి మోసపోకండి. ఏడాదికి కొన్ని వందల గంటలు మాత్రమే నడపడానికి ఉద్దేశించిన తేలికపాటి ఇంజన్‌కు అదే పరిమాణంలో ఎక్కువ శక్తి రాస్తారు. మీకు కావలసింది రాత్రింబవళ్లు నిరంతరం నడిచే రేటింగు ఉన్నది. అది కూడా మీ 10 నాట్ల ప్రయాణంలో సగానికి తగ్గని భారంతో నడిచేంత పరిమాణంలోనే ఉండాలి. అవసరానికి మించిన ఇంజన్‌ను వారాల తరబడి అతి తక్కువ భారంతో నడిపితే సిలిండర్లలో మసి పేరుకుంటుంది, నూనె తాగడం మొదలుపెడుతుంది.