ఆగిపోయింది పెట్టె, డిస్కులు కావు

ప్రశ్న: మేస్టారూ, నమస్తే. మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఇంట్లో ఫోటోలు, ఫైళ్లు దాచుకుని ఫోన్లోంచీ లాప్‌టాప్‌లోంచీ తెరుచుకునే పెట్టె, అదే రెండు డిస్కుల స్టోరేజ్ సర్వర్ ఉంది, 2016లో కొన్నాం, ఒక్కో డిస్కు 2 టీబీ. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉండేలా పెట్టించాం. మొన్న గాలివానకి కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది, అప్పట్నుంచి ముందున్న లైటు మిణుకుమిణుకుమంటోంది గానీ సర్వర్ ఫోన్లో కనబడదు, లాప్‌టాప్‌లోనూ కనబడదు. షాపుకి తీసుకెళ్తే డిస్కులు ఫార్మాట్ చేస్తే బాగవుతుందన్నారు. అందులో అక్క పెళ్లి ఫోటోలున్నాయి, మా తాతగారు జముకు వాయిస్తూ చెప్పిన జముకుల కథలు నలభై గంటల పైచిలుకు ఉన్నాయి. క్యాసెట్ల నుంచి ఎక్కించాం, ఆ క్యాసెట్లు బూజుపట్టి పోయాయి. తాతగారూ లేరు. ఏం చెయ్యమంటారు?

జవాబు: బాబూ, ముందు ఆ ప్లగ్గు పీకెయ్యండి. ఫార్మాట్ అన్న మాట ఎవరి నోట వచ్చినా డిస్కులు వాళ్ల చేతికివ్వకండి. ఫార్మాట్ చేస్తే పెట్టె బాగవుతుందేమో, తాతగారి గొంతు మాత్రం పోతుంది.

మీరు రాసింది చూస్తే డిస్కుల కంటే నాకు అడాప్టర్ మీదే అనుమానం ఎక్కువగా ఉంది. ఇలాంటి పెట్టెల్లో ఉండే 3.5 అంగుళాల డిస్కు కదలకుండా ఉన్నది తిరగడం మొదలుపెట్టే ఆ కొద్ది సెకన్లలో 12 వోల్టుల లైన్ మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, ఒకసారి వేగం అందుకున్నాక అందులో నాలుగో వంతు కూడా అక్కర్లేదు. ఏళ్ల తరబడి వేడికి అడాప్టర్ లోపలి కెపాసిటర్లు ఎండిపోతే, మీటర్ పెట్టి చూసినప్పుడు 12 వోల్టులు చక్కగానే చూపిస్తుంది, డిస్కులు ఒక్కసారి లాగేసరికి చతికిలబడుతుంది. పెట్టె లేవబోయి పడిపోతుంది, మళ్లీ లేవబోతుంది, మళ్లీ పడిపోతుంది. మీకు బయట కనబడుతున్న మిణుకు బహుశా అదే.

ఇది తేల్చుకోవడం కష్టం కాదు. ప్లగ్గు తీసే ఉంచి, డిస్కులు రెండింటి మీదా ఏది ఏ అరలోదో మార్కర్‌తో 1, 2 అని రాసుకోండి, ఫోన్లో ఫోటో కూడా తీసుకోండి. తర్వాత రెండూ బయటికి లాగి, ఖాళీ పెట్టెకి కరెంటివ్వండి. లైటు నిలకడగా వెలిగితే పెట్టె బతికే ఉన్నట్టు, తప్పు అడాప్టర్‌దో, లేదంటే ఎక్కువ కరెంటు లాగేస్తున్న డిస్కుదో. శ్రీకాకుళం వెళ్లినప్పుడు పాత అడాప్టర్ సంచిలో వేసుకుని వెళ్లండి, నోటిమాటగా చెప్పి తెచ్చుకోవద్దు. వోల్టులు అచ్చంగా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ మాత్రం ఉండకూడదు. పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అనేది లేబుల్ మీద చిన్న బొమ్మగా వేసి ఉంటుంది, అదీ కలవాలి.

కొత్త అడాప్టర్ పెట్టాక డిస్కులు వేసి, చెవి దగ్గరగా పెట్టి వినండి. సన్నగా గుయ్‌మంటూ తిరిగితే ఫరవాలేదు. టక్... టక్... అని లెక్కపెట్టినట్టు కొడుతుంటే వెంటనే ఆపెయ్యండి. లోపల చదివే హెడ్డు దారి తప్పినట్టే, అది డిస్కు లోపల గిర్రున తిరిగే పళ్లేనికి నానోమీటర్లలో లెక్కపెట్టే ఎత్తున తేలుతూ ఉంటుంది కాబట్టి అలా తిప్పిన ప్రతి నిమిషం గీతలు పడే ప్రమాదమే. అలాంటి డిస్కుని మూత విప్పి చూస్తామనే వాళ్లకి ఇవ్వకండి, దుమ్ము లేని గది ఉన్న రికవరీ ల్యాబ్‌కే పంపాలి.

పెట్టె నిజంగానే పోయిందనుకోండి, అప్పుడూ టెన్షన్ పడకండి. ఇళ్లలో వాడే ఈ పెట్టెల్లో చాలావాటి లోపల నడిచేది లినక్సే (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్), రెండు డిస్కుల్నీ జత చేసేదీ లినక్స్‌లో ఉండే సాఫ్ట్‌వేరే. అంటే ఆ డిస్కులు చదవడానికి మళ్లీ అదే పెట్టె ఉండి తీరాలని లేదు. ఒక పాత డెస్క్‌టాప్, డిస్కుని దానికి కలిపే సాటా కేబుళ్లు, ఉబుంటూ అనే లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ చాలు. ఆ డెస్క్‌టాప్ సొంత డిస్కు తీసి పక్కన పెట్టి, పెన్‌డ్రైవ్ నుంచి ‘ట్రై ఉబుంటూ’ అని నడిపించండి. ‘ఎండీ అడ్మిన్’ ప్రోగ్రామ్‌తో జతని ‘అసెంబుల్’ చెయ్యాలి, ‘క్రియేట్’ అనే ఆదేశం జోలికి అస్సలు పోవద్దు, అది పాత జత వివరాల మీద కొత్తవి రాసేస్తుంది. మీది అద్దంలాంటి జత, అంటే రెయిడ్ 1 కాబట్టి ఒక్క డిస్కుతో కూడా తెరుచుకుంటుంది. అందుకే ఒకటే తగిలించి, ‘రీడ్ ఓన్లీ’గా తెరిచి, రెండోది బీరువాలో పెట్టండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటున్నానంటే, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా చుట్టాలింట్లో ఇలాంటిదే ఒకటి పోయింది. వాళ్ల ఊరికి కరెంటు రావడానికే రోజులు పట్టింది, వచ్చాక ఆత్రంగా ఒక డిస్కు పీకి విండోస్ కంప్యూటర్‌కి తగిలించారు. విండోస్‌కి లినక్స్ రాతలు తెలియవు, తెలియనిది కనబడితే ‘ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి’ అని అడుగుతుంది. వాళ్లు సరే నొక్కేశారు. మర్నాడు నేను వెళ్లేసరికి రెండో డిస్కు చాపమీద అలాగే ఉంది, అందులోంచే అన్నీ తీశాం. ఆ చాప మీద కూర్చుని ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి వస్తుంటే ఆ ఇంటావిడ కొంగుతో కళ్లొత్తుకుంది, అది నేను మర్చిపోలేను.

కాపీ మొదలుపెట్టే ముందు డిస్కు ఆరోగ్యం ఒకసారి చూసుకోండి. ఉబుంటూలోనే ‘డిస్క్స్’ అనే దాంట్లో స్మార్ట్ వివరాలుంటాయి, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసిపెట్టుకునే లెక్కలు. 5, 197, 198 నంబర్ల దగ్గర సున్నాలుంటే మంచిది. 197 పెరుగుతుంటే చదవలేని సెక్టార్లు, అంటే డిస్కు మీది చిన్న చిన్న గడులు, పోగవుతున్నాయని అర్థం, అప్పుడు ఫైళ్లు ఒక్కోటీ లాగకుండా ‘డీడీ రెస్క్యూ’ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్కుని అంతకు తగ్గని కొత్త డిస్కు మీదికి దించుకోవాలి. అది తేలిగ్గా వచ్చేవి ముందు తీసుకుని, మొండికేసిన చోట్లకి చివర్లో వస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెట్టుకుంటుంది కూడా. 199 ఒక్కటే పెరిగితే కంగారొద్దు, సాధారణంగా కేబుల్ లోపం.

అన్నిటికంటే ముందు జముకుల కథలే తియ్యండి. నలభై గంటలు మామూలు ఎంపీ3 అయితే రెండు మూడు జీబీకి మించదు. రెండు పెన్‌డ్రైవ్‌ల మీద ఎక్కించి, ఒకటి మీ అక్క ఇంట్లో పెట్టమనండి. ఆ తర్వాత పెళ్లి ఫోటోలు. సినిమాలు ఉంటే ఆఖర్న. పెట్టె బాగయ్యిందా, కొత్తది కొనాలా అన్నది ఇవన్నీ అయ్యాక చూసుకోవచ్చు. కొత్త పెట్టెలో పాత డిస్కులు నేరుగా వెయ్యకండి, మొదటిసారి సెటప్‌లో డిస్కులు తుడిచేసేవి చాలా ఉన్నాయి. రెండు డిస్కుల్లోనూ ఒకే సరుకు ఉంది కదా అని ధైర్యపడటం కూడా వద్దు, పొరపాటున ఒక ఫైలు చెరిపితే రెండింట్లోనూ అదే క్షణాన చెరిగిపోతుంది.

ప్రశ్న: మాకు ఇన్వర్టర్ ఉంది. సర్వర్‌కి వేరే యూపీఎస్ కొనాలా? (సోంపేట నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ ఇన్వర్టర్ వెనకో పక్కనో యూపీఎస్, ఎకో అని స్విచ్ ఉందేమో చూడండి. ఎకోలో ఉంటే కరెంటు పోయినప్పుడు మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఫ్యాన్‌కి తెలియదు గానీ సర్వర్ ఆగిపోతుంది. యూపీఎస్ వైపు పెట్టండి. కొనగలిగితే మాత్రం యూఎస్‌బీ తీగ ఉన్న చిన్న యూపీఎస్ కొనమంటాను. బ్యాటరీ అడుగంటుతోందని అది సర్వర్‌కి చెబుతుంది, సర్వర్ తనంతట తనే పద్ధతిగా ఆగుతుంది. ఇన్వర్టర్ ఆ మాట చెప్పదు. మీది సముద్రం దగ్గర ఊరు, ఉప్పుగాలికి ప్లగ్గు పిన్నుల మీద పచ్చగా చిలుం పడుతుంది, అదీ చూసుకుంటూ ఉండండి.

ప్రశ్న: సిరిమానోత్సవం ఫోటోలున్న డిస్కు తిరగట్లేదు. ఫ్రీజర్లో పెడితే పనిచేస్తుందని ఒకరు చెప్పారు, కవరులో చుట్టి నిన్న రాత్రి పెట్టాను. ఎంతసేపుంచాలి? (విజయనగరం)

జవాబు: ఇప్పుడే తీసెయ్యండి. బయటికి రాగానే చల్లటి పళ్లేల మీద తేమ చేరుతుంది, ఆ తడితో తిప్పితే మిగిలిందీ పోతుంది. కవరు విప్పకుండా గదిలో ఒక పూటంతా ఉంచండి, చల్లదనం పూర్తిగా పోయాక కవరు తీసి మరో రోజు పొడిచోట వదిలెయ్యండి. కరెంటు మాత్రం ఇవ్వకండి. ల్యాబ్‌కి పంపేటప్పుడు ఫ్రీజర్లో పెట్టిన సంగతి దాచకుండా ఒక కాగితం మీద రాసి డిస్కుతో పాటు పెట్టండి, వాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.