సోలార్‌కు బ్యాటరీ కలిపితే డబ్బులు తిరిగి వస్తాయా? కర్నూలులో మా ఇంటి లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అనంతపురంలో సొంతిల్లు, నెలకు 280 యూనిట్ల దాకా వాడకం, సబ్సిడీలో 3 కిలోవాట్ల సోలార్ పెట్టిస్తున్నారు. దాంతోపాటు 5 యూనిట్ల లిథియం బ్యాటరీ, ప్యానెళ్లనూ బ్యాటరీనీ కలిపి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకుంటే రాత్రి కరెంటు కూడా ఫ్రీ అని వెండర్ అంటున్నాడు. అదనంగా 1,60,000 రూపాయలు. ఆ డబ్బు తిరిగి వస్తుందా?

రాదు అన్నా. అచ్చం అదే సైజు బ్యాటరీ మా ఇంట్లో ఉంది కాబట్టి చెబుతున్నా. అది మాకు పనికొచ్చింది, కానీ ఇంతవరకు ఒక్క రూపాయి మిగల్చలేదు.

మాది కర్నూలు పాతబస్తీ. 2024లో 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైన్‌కు కలిపేది, పెట్టించాం. మొత్తం 1,95,000 అయింది, పీఎం సూర్య ఘర్ సబ్సిడీ 78,000 ఖాతాలో పడింది. 280 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీలే దాదాపు 1,500 అయ్యేవి. చివరి 55 యూనిట్లు యూనిట్‌కు 8.75 రూపాయల స్లాబులో పడేవి మరి. ఆ భారమంతా పోయింది. ప్యానెళ్ల డబ్బు ఆరేడేళ్లలో వచ్చేస్తుంది, దాని గురించి నాకు అనుమానమే లేదు.

తలనొప్పి మొదటి వేసవిలో వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. మిద్దె మీద ఎండ నిప్పులు చెరుగుతోంది, కింద ఫ్యాను తిరగదు. "ఇంత ఎండలోనూ పనిచేయకపోతే ఇంకెప్పుడు చేస్తుంది నాయనా ఇది?" అంది అమ్మ. లైన్‌లో కరెంటు లేకపోతే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. మన ప్యానెళ్ల కరెంటు లైన్‌లోకి వెళ్తే స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు షాక్ కొడుతుంది, అందుకని. ఈ ముక్క పెట్టించేటప్పుడు మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అదే ఏడాది నాన్నకు ఇంట్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్, అంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మెషిన్, అవసరమైంది. అది దాదాపు 350 వాట్లు లాగుతుంది. రాత్రి కరెంటు పోతే అనే టెన్షన్‌తో బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకున్నాం. నాలుగు యూనిట్లు చేతికొచ్చినా పదకొండు గంటలు లాగుతుంది. లెక్కలు వేసుకుని కొన్నది కాదు.

లెక్క తర్వాత వేశాను. బ్యాటరీ రాకముందు ఒక నెల చూడండి: ప్యానెళ్లు ఇచ్చింది 350, పగలు ఇంట్లో నేరుగా వాడింది 115, గ్రిడ్‌కు పంపింది 235, రాత్రి గ్రిడ్ నుంచి తీసుకుంది 165. అంటే మాకు జమ 70 యూనిట్లు. బ్యాటరీ పెట్టాక రోజుకు నాలుగేసి యూనిట్లు అందులోంచి వాడితే తీసుకున్నది 45కు పడిపోయింది. యాప్‌లో అది చూసి భలే సంబరపడ్డా. కానీ పంపింది కూడా 99కి దిగింది. జమ 54. అంటే బ్యాటరీ వల్ల 16 యూనిట్లు పోయాయి! బ్యాటరీలోకి ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ కొంత వేడిగా పోతుంది కదా, అదన్నమాట.

నెట్ మీటరింగ్, అంటే పంపిన యూనిట్లను తీసుకున్న వాటిలోంచి తీసేసి లెక్క కట్టే పద్ధతి, ఉన్నంతకాలం గ్రిడ్డే మీ బ్యాటరీ. పగలు ఇచ్చిన యూనిట్‌ను రాత్రి తిరిగి ఇస్తుంది, నీళ్లు పోయమనదు, పాతబడదు. పాణ్యం దగ్గర పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టు ఉద్దేశం కూడా ఇదే: కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పై జలాశయానికి ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదలడం. ఆ పని అంత పెద్ద ఎత్తున అక్కడ జరుగుతుంటే, మన మెట్ల కింద 1,60,000 పెట్టి ఎందుకు చేయాలి?

నెట్ మీటర్ లేదనే అనుకుందాం. రోజుకు 4 యూనిట్లు, అన్నీ 8.75 స్లాబువే అనుకుంటే 35 రూపాయలు, ఏడాదికి 12,775. అసలు తీరడానికే పన్నెండున్నరేళ్లు. 6 రూపాయల స్లాబైతే పద్దెనిమిదేళ్లు. నా బ్యాటరీ వారంటీ పదేళ్లు. ఇదంతా ఒక్క రోజు కూడా మబ్బు పట్టకపోతే.

మన ఎండల సంగతి వెండర్లు ఎత్తరు. అంతకుముందు మాకు మామూలు ఇన్వర్టర్, రెండు ట్యూబులర్ బ్యాటరీలు ఉండేవి. రేకుల షెడ్డులో పెట్టి మూడో వేసవికే చంపేశాను. 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకూ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతుందని తర్వాత తెలిసింది. లిథియం కొంత నయమే గానీ, మే నెలలో రెండు మధ్యాహ్నాలు అదే ఛార్జింగ్ ఆపేసుకుంది. ఇప్పుడు మొదటి అంతస్తులో ఉత్తరం వైపు గదిలో ఉంది. కింద పెట్టమంటే అమ్మ ఒప్పుకోలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు మా కింది అంతస్తు మొత్తం మునిగింది.

మీ స్థానంలో నేనైతే 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ మాత్రమే పెట్టిస్తాను. సూర్య ఘర్ సబ్సిడీ బ్యాటరీకి రాదు, అది గుర్తుంచుకోండి. కరెంటు కోతలకు మామూలు ఇన్వర్టర్, ఒక 150 ఏహెచ్ బ్యాటరీ చాలు, రెండింటికీ కలిపి ఓ పాతికవేలు అవుతుందేమో. దాని నుంచి ఒక యూనిట్ నమ్మకంగా వాడుకోవచ్చు. మూడు పాత ఫ్యాన్లు, రెండు లైట్లు వేస్తే నాలుగు గంటలు. తక్కువ కరెంటు లాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టుకుంటే అదే బ్యాటరీ ఎనిమిది గంటలు లాగుతుంది. బ్యాటరీ పెద్దది చేసేకంటే ఫ్యాన్లు మార్చడం చవక. పైగా అవి రోజూ కరెంటు ఆదా చేస్తాయి.

లైన్ రాని తోట ఇల్లైనా, డీజిల్ జనరేటర్ నడిపే షాపైనా లెక్క వేరు, అక్కడ లిథియం నిజంగానే గిట్టుబాటు అవుతుంది. ఇంట్లో మా నాన్నలా మెషిన్ మీద ఉన్నవాళ్లు ఉన్నా తీసుకోండి, కాకపోతే దాన్ని మందుల ఖర్చులో రాసుకోండి. మాది ఇప్పుడు బ్యాకప్ మోడ్‌లోనే పెట్టాం, కరెంటు పోతే తప్ప ఇన్వర్టర్ బ్యాటరీని ముట్టుకోదు. పోయిన నెల జమ మళ్లీ 68కి వచ్చింది.