మైమన్ మీద వ్యాసం రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

లేసర్‌ను తొలిసారి వెలిగించిన థియొడోర్ మైమన్ గురించి పిల్లల పత్రికకు రాస్తున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. పుట్టుక, చదువు, బహుమతుల వరుసలో మాత్రం రాయకు. ఆయన 1927లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడనీ, కుర్రతనంలోనే విద్యుత్ పరికరాలు బాగుచేసేవాడనీ, స్టాన్‌ఫర్డ్‌లో విల్లిస్ లాంబ్ దగ్గర డాక్టరేటు చేశాడనీ రెండు వాక్యాల్లో ముగించు. వ్యాసానికి ప్రాణం ఆయన కొలిచిన ఒక అంకెలో ఉంది; అదేమిటో కింద చెబుతాను. నీకిచ్చిన స్థలంలో సగం దానికే కేటాయించు.

1958లో లేసర్ సాధ్యమేనని చెబుతూ భౌతికశాస్త్రవేత్తలు టౌన్స్, షాలోల సిద్ధాంత వ్యాసం వెలువడ్డాక అనేక ప్రయోగశాలలు లేసర్ కోసం పోటీపడ్డాయి. కెంపు పీల్చుకున్న ఫోటాన్లలో (కాంతి రేణువుల్లో) వందకు ఒకటి మాత్రమే ఎర్రని కాంతిగా తిరిగివస్తుందని అప్పటికే ఒక కొలత ప్రచురితమై ఉండడంతో, ఆ రాయి పనికిరాదన్న అభిప్రాయం బలపడింది. అంతకుముందే కెంపుతో మేజర్ (maser: కాంతికి బదులు మైక్రోతరంగాలతో పనిచేసే, లేసర్‌కు ముందటి పరికరం) తయారుచేసిన మైమన్, మిగిలిన తొంభై తొమ్మిదీ ఎటు పోతున్నాయో తెలిస్తే మెరుగైన స్ఫటికాన్ని ఎంచుకోవచ్చునని తానే కొలిచి చూశాడు. వందకు ఒకటి కాదు, దాదాపు 75 తిరిగివస్తున్నాయని తేలింది. నేను చెప్పిన అంకె ఇదే. ఆయన వెతికిన నష్టంలో చాలా భాగం అసలు లేనే లేదు. ఈ ఘట్టాన్ని తొందరపడి దాటవద్దు.

అయినా చిక్కు తీరలేదు. కెంపులోని క్రోమియం అయానులు కాంతిని వెలువరించి నేరుగా భూస్థాయికే (అతి తక్కువ శక్తి ఉండే స్థితికే) దిగుతాయి కనుక, వాటిలో సగానికి మించి ఒకేసారి ఉత్తేజపరిస్తే తప్ప లేసర్ పుట్టదు. నిరంతరంగా వెలిగే దీపం కోసం తంటాలు పడకుండా, ఒక్క క్షణం తీవ్రంగా వెలిగే, ఫొటోగ్రాఫర్లు వాడే ఫ్లాష్ దీపాన్ని ఎంచుకోవడమే ఆయన తెలివి. స్ప్రింగులా చుట్టిన గాజు దీపం, దాని నడుమ రెండు చివరలా వెండిపూత పూసిన చిన్న కెంపు కడ్డీ, కాంతి బయటికి రావడానికి ఒక చివరి పూతలో సన్నని రంధ్రం, చుట్టూ మెరుగుపెట్టిన అల్యూమినియం గొట్టం: మొత్తం అరచేతిలో ఇమిడే పరికరం. 1960 మే 16న, కాలిఫోర్నియాలోని మాలిబూలో, హ్యూస్ ప్రయోగశాలలో అది పనిచేసింది. వెలువడిన ఎర్రని కాంతి తరంగదైర్ఘ్యం 694 నానోమీటర్లు.

ఆ ఫలితాన్ని ఫిజికల్ రివ్యూ లెటర్స్ అనే పరిశోధన పత్రిక తిరస్కరించగా ఆగస్టులో నేచర్ అనే మరో పత్రిక ప్రచురించిందని తప్పక రాయి, కానీ సంపాదకుణ్ణి దుష్టుణ్ణి చేయకు. వార్తాపత్రికలు లేసర్‌ను ‘మృత్యుకిరణం’ అని హడావుడి చేశాయి. 1961లోనే న్యూయార్క్‌లో ఒక రోగి కంటిలోని కణితిని కెంపు లేసర్‌తో నాశనం చేశారన్న సంగతి ఆ శీర్షికల పక్కన పెడితే చాలు, నీవు వ్యాఖ్యానించనక్కరలేదు. మేజర్, లేసర్‌లకు దారితీసిన కృషికి 1964 భౌతికశాస్త్ర నోబెల్ టౌన్స్, బాసోవ్, ప్రొఖోరోవ్‌లకు దక్కింది. మైమన్‌కు రాకపోవడం నాకూ అన్యాయంగానే తోస్తుంది. అయితే వ్యాసమంతా ఆ మొర కాకూడదు.

ఫొటో విషయంలో జాగ్రత్త. మైమన్ ముఖం ముందు పెద్ద దీపంతో కనిపించే ప్రసిద్ధ చిత్రంలోనిది తొలి లేసర్ కాదు. చూపుకు బాగుంటుందని పెద్దదాన్ని పట్టించి తీసినది. దాన్ని వేస్తే కింద ఆ మాట స్పష్టంగా రాయి. శక్తిస్థాయిల పటం మాత్రం ఎక్కడినుంచీ తీసుకోకుండా నీ చేత్తోనే గీసి, చిత్తుప్రతితో కలిపి నాకు పంపు.

ఇట్లు,
మామయ్య